మెదడులో ప్రొటీన్ తగ్గింది తాగడం వల్లనా, తగ్గినందుకే తాగుతున్నాడా?

ప్రశ్న హన్మకొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతున్న విద్యార్థిది. మద్యం సమస్యతో ముడిపడ్డ జన్యు తేడాలు మెదడులో ప్రొటీన్ల మోతాదును మారుస్తాయని చదివారట. అంటే ఏమిటి, దాన్ని ఎట్లా కనిపెడతారు, మన ప్రాంతంలో తాగి చనిపోయినవాళ్ల మెదడు నమూనాలు తీసుకుని ఆరు నెలల్లో ప్రాజెక్టు చేయొచ్చా అని అడిగారు.

ముందు చివరి ముక్కకు జవాబు చెప్తాను. మార్చురీ నమూనాలతో వద్దు. అందరికీ దొరికే డేటాతో కంప్యూటర్ మీద చేయండి, ఆరు నెలలు సరిపోతాయి. ఎందుకో తెలియాలంటే మాత్రం మొదటి ప్రశ్న నుంచి రావాలి.

డీఎన్ఏలో ఒక అక్షరం మారితే ప్రొటీన్ మోతాదు నాలుగైదు దారుల్లో మారుతుంది. జన్యువుకు ముందుండే ప్రమోటర్‌లో మారితే ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) ఎక్కువగానో తక్కువగానో తయారవుతుంది. స్ప్లైసింగ్, అంటే ఆ నకలును కత్తిరించి అతికించే పని, జరిగే చోట మారితే ముక్కలు వేరే రకంగా అతుకుతాయి. ఎంఆర్ఎన్ఏ తోక భాగంలో మారితే అది త్వరగా చెడిపోవచ్చు. ప్రొటీన్ అక్షరమే, అంటే అమైనో ఆమ్లమే, మారితే ఎంఆర్ఎన్ఏ మామూలుగానే ఉంటుంది, తయారైన ప్రొటీన్ మాత్రం నిలవదు. ఈ చివరి రకానికి మత్తు డాక్టర్లందరికీ తెలిసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆర్యవైశ్యుల్లో కొన్ని కుటుంబాల్లో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ రక్తంలో దాదాపు ఉండదు. అట్లాంటివాళ్లకు ఆపరేషన్ టేబుల్ మీద కండరాలను సడలించే సక్సినిల్‌కోలిన్ ఇస్తే, నిమిషాల్లో తేరుకోవాల్సిన మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. ప్రోలిన్ వచ్చిన చోట గొలుసు వంగుతుంది, మడత కుదరదు, ప్రొటీన్ నిలవదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అట్లాగే వస్తే ఎంజైమ్ లేనట్టే. ఆ జన్యువు నుంచి ఎంత ఎంఆర్ఎన్ఏ వచ్చిందో కొలిస్తే ఈ లోపం బయటపడదు. ప్రొటీన్‌ను నేరుగా కొలవాలనడానికి కారణం ఇదే.

మద్యం విషయంలో తేడాలు ఇంత పెద్దవి కావు. ఒక అక్షరం తేడాకు ప్రొటీన్ కొద్ది శాతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, దానివల్ల తాగుడు సమస్య వచ్చే అవకాశం ఇంకా కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. కవల పిల్లల అధ్యయనాలు మద్యం సమస్యలో సుమారు సగం వంశపారంపర్యం అంటాయి. ఆ సగం వందలాది చిన్న తేడాల మీద పరుచుకుని ఉంది. పెద్ద మినహాయింపు కాలేయంలో మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైములు, ఏడీహెచ్1బీ, ఏఎల్‌డీహెచ్2. ఏఎల్‌డీహెచ్2లోని ప్రసిద్ధమైన తేడా, తాగగానే ముఖం ఎర్రబడేది, తూర్పు ఆసియావాళ్లలో సాధారణం, మన తెలుగు జిల్లాల్లో దాదాపు కనబడదు. కాబట్టి చైనా, జపాన్ వ్యాసాల్లో దాన్ని చూసి ఇక్కడ వెతకడం మొదలుపెట్టకండి.

ఇక అసలు చిక్కు. ఇరవై ఏళ్లు రోజూ తాగిన మనిషి మెదడు, తాగని మనిషి మెదడు పక్కపక్కన పెట్టి ప్రొటీన్లు కొలిస్తే వందల తేడాలు వస్తాయి. మెదడును నెమ్మదింపజేసే గాబా రిసెప్టర్ ముక్కల పాళ్లు మారి ఉంటాయి, ఉత్తేజపరిచే గ్లుటమేట్ రిసెప్టర్లు పెరిగి ఉంటాయి, ఫ్రాంటల్ భాగంలో మైలిన్ ప్రొటీన్లు తగ్గి ఉంటాయి, థయమిన్ (విటమిన్ బీ1) మీద ఆధారపడే ఎంజైములు నీరసించి ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం తాగడం వల్ల వచ్చినవే. పాడైన కాలేయం, తిండి లేకపోవడం, బీడీలు, తలకు తగిలిన దెబ్బలు కూడా అందులో కలిసిపోతాయి. తగ్గిన ప్రొటీన్ కారణమా ఫలితమా అనేది ఆ పోలిక ఎన్నటికీ చెప్పలేదు. జన్యువు అట్లా కాదు. తల్లి కడుపులో పడ్డప్పుడే ఖాయమవుతుంది, తాగితే మారదు. అందుకే దారి తిప్పి వెళ్తారు. ఏ జన్యు తేడా మెదడులో ఏ ప్రొటీన్‌ను ఎంత మారుస్తుందో ఒక గుంపులో కొలుస్తారు. అదే తేడా లక్షల మందిలో మద్యం సమస్యతో ముడిపడి ఉందా అని వేరే గుంపులో చూస్తారు. రెండూ కలిస్తే ప్రొటీన్ నుంచి తాగుడు వైపు బాణం గీయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. మొదటి రకం తేడాను పీక్యూటీఎల్ అంటారు, రెండూ కలిపి చేసే వెతుకులాటను పీవాస్ అంటారు.

ఈ పనికి ఎక్కువగా వాడే మెదళ్లు ఎవరివో తెలుసుకోవడం ముఖ్యం. అమెరికాలోని చికాగోలో రష్ విశ్వవిద్యాలయం నడిపే రెండు వృద్ధాప్య అధ్యయనాల నుంచి వచ్చాయవి. ఒక అధ్యయనంలో ఉన్నవాళ్లు కాథలిక్ సన్యాసినులు, ప్రీస్టులు, బ్రదర్లు. 376 మంది నుదుటి వెనక భాగం, అంటే డార్సోలేటరల్ ప్రీఫ్రాంటల్ కార్టెక్స్, కొలిచారు. ఎనిమిది వేలకు పైగా ప్రొటీన్లు దొరికాయి, వాటిలో దగ్గరి జన్యు తేడాల నుంచి అంచనా వేయగలిగినవి సుమారు 1,500. అరిజోనాలోని బ్యానర్ సంస్థ నుంచి ఇంకో 152 మందివి సరిచూడ్డానికి వాడతారు. గట్టిగా తాగినవాళ్లు వీళ్లలో తక్కువే. అది మంచికే, ఎందుకంటే మద్యం చేసే గలీజు ప్రొటీన్ కొలతలో కలవదు. నష్టమూ ఉంది. తాగినప్పుడు మాత్రమే బయటపడే జన్యు ప్రభావం ఈ మెదళ్లలో దొరకదు. పైగా కోరికను నడిపే న్యూక్లియస్ అకంబెన్స్, అమిగ్డలా ఇందులో లేవు.

కొలతలో ఒక మోసం ఉంది, దీన్ని దగ్గరగా చూపిస్తాను. మాస్ స్పెక్ట్రోమీటర్ మొత్తం ప్రొటీన్‌ను తూచదు. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో దాన్ని పెప్టైడ్ ముక్కలు చేసి ఆ ముక్కల బరువు చూస్తుంది. ట్రిప్సిన్ లైసిన్ తర్వాతా ఆర్జినైన్ తర్వాతా కోస్తుంది. ఇప్పుడు ఒక మనిషిలో జన్యు తేడా వల్ల ఆర్జినైన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చిందనుకోండి. అక్కడ కోత పడదు, ముక్క పొడుగవుతుంది. కోత సంగతి పక్కన పెట్టినా ఆ ఒక్క అక్షరం బరువే 19 డాల్టన్లు తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ తన జాబితాలో ఉన్న పాత ముక్క కోసమే వెతుకుతుంది, కనబడదు, ప్రొటీన్ తక్కువ ఉందని రాస్తుంది. నిజానికి ప్రొటీన్ సరిపడా ఉంది. జన్యు తేడాకూ ప్రొటీన్ మోతాదుకూ అద్భుతమైన సంబంధం దొరికిందని సంబరపడతాం, పీ విలువలో (యాదృచ్ఛికంగా ఇంత ఫలితం వచ్చే అవకాశం) సున్నాల వరస చూసి ఇంకా నమ్ముతాం. అందుకే అనుమానించాల్సింది బలహీనమైన ఫలితాన్ని కాదు, అతి బలమైన ఫలితాన్ని. జన్యు తేడానే వేరియంట్ అంటారు. ఆ వేరియంట్‌గానీ, దానితో కలిసి వారసత్వంగా వచ్చే వేరియంట్‌గానీ ప్రొటీన్ అక్షరాన్ని మారుస్తుందా అని చూడండి. మారిస్తే ఆ స్థానాన్ని తాకే పెప్టైడ్లను తీసేసి మళ్లీ లెక్కించాలి. మీ చేతిలో పెప్టైడ్ స్థాయి డేటా లేకపోతే ఆ ప్రొటీన్ పక్కన అనుమానపు గుర్తు పెట్టి రిపోర్టులో రాయాలి. యాంటీబాడీతో కొలిచే పద్ధతుల్లోనూ ఇదే జబ్బు ఉంది, అక్షరం మారితే యాంటీబాడీ సరిగ్గా అతుక్కోదు.

ఇప్పుడు మార్చురీ మాట. ఒక వేరియంట్ ప్రొటీన్ తేడాల్లో 5 శాతాన్ని వివరిస్తుందనుకుందాం, ఇది మంచి బలమైన వేరియంటే. మీరు 30 మెదళ్లు సేకరిస్తే రావాల్సిన జెడ్ విలువ (ఫలితం యాదృచ్ఛిక ఊగిసలాట కంటే ఎన్ని రెట్లుందో చెప్పే అంకె) సుమారు 1.26. అంటే గాల్లో కలిసిపోతుంది. 376 మెదళ్లతో అదే 4.4 దాటుతుంది. ముప్పై మెదళ్లకే రెండేళ్లు పడుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి, కుటుంబం రాతపూర్వక సమ్మతి కావాలి, మెడికో లీగల్ కేసైతే పోలీసు కాగితాలు కూడా. ఏడుస్తున్న ఇంటివాళ్లను ఆ గడియలో ఫలితం రాని పని కోసం సంతకం అడగడం న్యాయం కాదు. మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీల ఎండలో శవం ఊరి నుంచి ఆస్పత్రికి వచ్చేలోపే ప్రొటీన్లకు అంటుకున్న ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. చివరి గంటల్లో ఆక్సిజన్ అందక మెదడు ఆమ్లమయం అవుతుంది. కణజాలం పీహెచ్ 6 కంటే కిందికి పోతే ఆ నమూనాను చాలా మంది పక్కన పెడతారు. మెదడు కణజాలం మీదే పని చేయాలన్న పట్టుదల ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో బ్రెయిన్ బ్యాంక్ ఉంది. మద్యం సమస్య ఉన్నవాళ్ల మెదళ్లకు ప్రత్యేకంగా పేరున్నది సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ బ్యాంక్. రెండూ పీహెచ్‌డీ స్థాయి పనులు.

కంప్యూటర్ పని ఇట్లా సాగుతుంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, లినక్స్, ఆర్ భాష, జన్యు డేటా లెక్కలకు ప్లింక్, పీవాస్ నడపడానికి ఫ్యూజన్ ప్రోగ్రాములు ఉంటే చాలు. మద్యం వైపు డేటా ఎంచుకునేటప్పుడు ఏం కొలిచారో చూడండి. 2018లో పీజీసీ (సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్షియం) ఇచ్చింది మద్యం మీద ఆధారపడటం గురించి, 14,904 మంది రోగులు, 37,944 మంది కంట్రోళ్లు (పోలికకు తీసుకున్న, ఆ సమస్య లేనివాళ్లు). ఫైల్ నేరుగా దిగుతుంది. అందులో యూరోపియన్ భాగాన్నే తీసుకోండి. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనంలో పది లక్షల మందికి పైగా ఉన్నారు, 110 జన్యు ప్రాంతాలు దొరికాయి, కానీ అట్లాంటి వాటిలో కొన్ని ఫైళ్లకు సంస్థ తరఫున దరఖాస్తు చేయాలి. మొదటి నెలలోనే పెట్టండి. వారానికి ఎన్ని డ్రింకులు అని కొలిచిన డేటాను తాగుడు సమస్యగా వాడకండి. ఎంత తాగుతున్నాడు అనేదానికీ, తాగడం వల్ల బతుకు ఎంత చెడింది అనేదానికీ జన్యు పునాది పూర్తిగా ఒకటి కాదు. తాగుడు సమస్యను అంచనా వేసే ఆడిట్ ప్రశ్నావళిలో మొదటి మూడు ప్రశ్నలు మోతాదువి, మిగతా ఏడు సమస్యవి. మీకు కావాల్సింది రెండోది.

ఫ్యూజన్‌కు నాలుగు కాలమ్‌లు కావాలి: ఎస్‌ఎన్‌పీ (ఒక అక్షరం తేడా) పేరు, ఏ1, ఏ2 (ఆ చోట ఉండే రెండు అక్షరాలు, అంటే అల్లీళ్లు), జెడ్. బీటాను, అంటే ప్రభావం అంచనాను, స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే జెడ్. సగం ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. ఏ1 అంటే ప్రభావం లెక్కించిన అల్లీలా కాదా అని ఫైల్‌తో వచ్చిన రీడ్‌మీలో చదవండి, కాలమ్ పేరు చూసి నమ్మకండి. తారుమారైతే జెడ్ గుర్తు తిరగబడుతుంది, తాగుడు నుంచి కాపాడే ప్రొటీన్ తాగుడు పెంచే ప్రొటీన్‌గా కనబడుతుంది, ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వదు. సరిచూడ్డానికి తెలిసిన జవాబు వాడుకోండి. ఏడీహెచ్1బీలోని ఆర్‌ఎస్1229984లో టీ అల్లీల్ మద్యం సమస్యను తగ్గిస్తుంది. మీ ఫైల్‌లో ఆ వరస తీసి టీ వైపు జెడ్ మైనస్‌లో ఉందా చూడండి. ఏ-టీ, సీ-జీ జతల వేరియంట్లు ఏ పోగు మీద చదివినా ఒకేలా ఉంటాయి కాబట్టి, రెండు అల్లీళ్లూ సగం సగం దగ్గర్లో ఉంటే వాటిని తీసేయండి. జీనోమ్ బిల్డ్ (స్థానాల అంకెలిచ్చే జీనోమ్ పటం) 37, 38 కలిసిపోతే స్థానాలు పొంతన కుదరవు. వెయిట్ ఫైల్ (జన్యు తేడాల నుంచి ప్రొటీన్‌ను అంచనా వేసే లెక్కలు), రిఫరెన్స్ జీనోమ్ డేటా, మద్యం ఫైల్ మూడూ ఒకే బిల్డ్‌లో ఉండాలి.

22 క్రోమోజోములూ నడిపితే ఒక్కో ప్రొటీన్‌కు ఒక జెడ్ వస్తుంది. సుమారు 1,500 పరీక్షలు చేశారు కాబట్టి 0.05ను 1,500తో భాగించండి, గీత 0.000033 దగ్గర పడుతుంది. జెడ్ 4 వచ్చిందని సంతోషించకండి, దాని పీ విలువ సుమారు 0.00006, గీత దాటలేదు. దాటిన ప్రతి ప్రొటీన్‌కూ కోలాక్ అనే విశ్లేషణ చేయండి. ప్రొటీన్‌ను మార్చే వేరియంటూ, తాగుడుతో ముడిపడ్డ వేరియంటూ ఒకటేనా, లేక పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు వేరువేరు మనుషులా అనేది అది చెప్తుంది. పీపీ4 విలువ 0.8 దాటితే ఒకటే అనుకోవచ్చు. పీపీ3 ఎక్కువైతే ఇద్దరు వేరు, ఆ ప్రొటీన్‌ను వదిలేయండి. మనసొప్పకపోయినా వదిలేయాల్సిందే. మిగిలినవి బ్యానర్ డేటాలో అదే గుర్తుతో వస్తున్నాయా చూడండి.

17వ క్రోమోజోమ్ మీద మీకు ఏదో ఒకటి దొరకవచ్చు, దాన్ని వెంటనే నమ్మకండి. అక్కడ సుమారు 9 లక్షల అక్షరాల ముక్క కొందరిలో తలకిందులుగా తిరగబడి ఉంటుంది. యూరోపియన్ క్రోమోజోముల్లో సుమారు ఐదో వంతు అట్లాంటివే, మన దగ్గర బాగా తక్కువ. తిరగబడ్డ ముక్క మొత్తం ఒకటిగానే వారసత్వంగా వస్తుంది కాబట్టి, అందులో ఉన్న ఎంఏపీటీ, సీఆర్‌హెచ్‌ఆర్1, కేఏఎన్‌ఎస్‌ఎల్1 లాంటి జన్యువులు ఒకేసారి గీత దాటవచ్చు. సీఆర్‌హెచ్‌ఆర్1 ఒత్తిడి హార్మోన్ రిసెప్టర్ కదా అని దాని మీదికి కథ అల్లడం సులువు. డేటా మాత్రం వాటిలో ఏది దోషో చెప్పదు. ఆ ప్రాంతాన్ని మొత్తంగా ఒక్క ఫలితంగానే లెక్కపెట్టండి.

మన ప్రాంతపు ముక్క ఎక్కడ వస్తుందంటే ఇక్కడ. 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 26 జనసమూహాలున్నాయి. అందులో ఐటీయూ అనే గుంపు బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లది, 102 మంది. మీకు దొరికిన ప్రతి వేరియంట్‌కూ యూరోపియన్ గుంపులో, ఐటీయూలో అల్లీల్ శాతం ఎంతో పక్కపక్కన రాయండి. తర్వాత ఆ వేరియంట్ చుట్టూ 5 లక్షల అక్షరాల మేర ఎవరితో ఎవరు కలిసి వస్తున్నారో ప్లింక్‌తో రెండు గుంపుల్లోనూ లెక్కించండి. అక్కడ గట్టిగా కలిసి వచ్చే జత ఇక్కడ విడిపోతే, యూరోపియన్ ఫలితాన్ని మనవాళ్ల మీద ఎందుకు పెట్టకూడదో ఒక పట్టికలో చూపించినట్టు అవుతుంది. ప్రాజెక్టుకు ఈ ఒక్క పట్టిక చాలా విలువ తెస్తుంది. ఒక జాగ్రత్త: మేనరికాలూ, కులం లోపలి పెళ్లిళ్లూ ఉన్న చోట ఊరికీ ఊరికీ, కులానికీ కులానికీ అల్లీల్ శాతాలు మారతాయి. 102 మంది సగటును తెలుగువాళ్లందరి శాతం అని రాయకండి. రేపు ఎప్పుడైనా ఇక్కడ రక్త నమూనాలు తీసుకుంటే, పాల్గొన్నవాళ్ల మధ్య చుట్టరికాన్ని లెక్కలో పెట్టే మిక్స్‌డ్ మోడల్ లేకుండా విశ్లేషణ చేయకండి.

గైడ్ అనుమతిస్తే, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, 40, 50 మందితో ఆడిట్ ప్రశ్నావళి తెలుగులో నింపించే చిన్న భాగం చేర్చవచ్చు. జన్యువులు తీయడానికి కాదు, మన దగ్గర తాగుడును కొలవడం ఎంత కష్టమో చూపడానికి. ఆడిట్‌లో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం, ఆల్కహాల్ సాంద్రత 0.789. గుణిస్తే 61 గ్రాములు, అంటే ఆరు డ్రింకులు. నైంటీ అంటే మూడు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతమైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. "ఒక్క క్వార్టరే సార్" అన్న మనిషిని ఒక డ్రింక్ దగ్గర రాస్తే ఆ ఫారం పనికిరాదు. కల్లుకు లేబుల్ ఉండదు. పొద్దుగాల దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. ఎన్ని సీసాలు అనడంతో పాటు ఏ వేళ తాగాడో రాయండి. గుడుంబా, ఇప్పసారా బలం అంచనాకే అందదు, వాటిని వేరే గడిలో రాయండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు కల్తీ కల్లు. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది కొత్త సంగతి కాదు. ఇవి మద్యం పని చేసే గాబా వ్యవస్థ మీదే పని చేస్తాయి. రోజూ నాలుగు సీసాల కల్లు తాగి, మానితే చేతులు వణికి, ఫిట్స్ వచ్చే మనిషి ఆడిట్‌లో మద్యం సమస్యగా ఎక్కువ స్కోరు తెచ్చుకుంటాడు. అసలు ఆధారపడింది మాత్ర మీద కావచ్చు. యూరోపియన్ డేటాలో దొరికిన వేరియంట్ ఇతనిలో కనబడకపోతే తప్పు వేరియంట్‌ది కాదు, మనం ఇద్దరు వేరువేరు రోగులకు ఒకే పేరు పెట్టాం. వీలైతే మూత్రంలో బెంజోడయజెపైన్ (అల్ప్రాజోలం, డైజిపామ్ రకం మందులు) పరీక్ష, రక్తంలో పీఈటీహెచ్ పరీక్ష పెట్టండి. పీఈటీహెచ్ గత రెండు మూడు వారాల మద్యాన్ని చూపుతుంది, మాత్రలకు స్పందించదు. క్లోరల్ హైడ్రేట్ మాత్రం మామూలు మూత్రం స్ట్రిప్‌లో దొరకదు.

ఇంకో మాట. ఈ పరిశోధన చూపించి తాగుడు జన్యువు పరీక్ష అని అమ్మేవాళ్లున్నారు. ఆ పరీక్షలో వచ్చే శాతం ఒక మనిషికి పనికొచ్చే సంగతి ఏదీ చెప్పదు. నాల్‌ట్రెక్సోన్ (తాగుడు తగ్గించే మందు) ఎవరికి పనిచేస్తుందో చెప్తుందని పేరుపడ్డ ఓపీఆర్ఎం1 వేరియంట్ కూడా, 2015లో జన్యురూపాన్ని ముందే చూసి చేసిన ట్రయల్‌లో తేడా చూపించలేదు. మీ ప్రశ్నావళికి వచ్చినవాళ్లు "మా నాయన తాగేటోడు, నాకూ ఇది రాసిపెట్టి ఉందా" అని అడుగుతారు. లేదని చెప్పండి. అవకాశం కొంత ఎక్కువ, అంతే. ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒక్కడే తాగే ఇళ్లు ఎన్ని లేవు.

ఫారాలు నింపేటప్పుడు రెండు రోజుల కింద తాగడం మానేశానని చెప్పే మనిషి ఎదురవుతాడు. చేతులు చాచమనండి. వేళ్లు వణుకుతున్నా, ఒళ్లు చెమట పడుతున్నా, గోడ మీద ఏదో పాకుతోందన్నా, ఆ రోజు ఫారం పక్కన పెట్టి అతన్ని అప్పటికప్పుడు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో దగ్గరలోని ఆస్పత్రికో పంపండి, వెంట ఒక మనిషిని ఇవ్వండి. కల్లు మానినవాళ్లకు మొదటి మూడు నాలుగు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. అక్కడ డ్యూటీ డాక్టరుకు కల్లు అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా మాత్రలు కలిపిన కల్లు అయి ఉండొచ్చని చెప్పించండి, గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇచ్చారా అని అడిగించండి.